మూడో గ్యాసు

ఇద్దరు డాక్టర్లు మంచానికి చెరోపక్క నిలబడి మాట్లాడుకుంటుంటే మధ్యలో పడుకున్న మనిషికి ఒక్క ముక్కయినా అర్థమవుతుందా? రోగికి తెలియకూడదనే వాళ్ళలా మాట్లాడతారని కొందరి అనుమానం. పాపం, తీరికలేక మాటల్ని కత్తిరించుకున్నారని ఇంకొందరి సర్దుబాటు. వకుళకి మాత్రం చిన్నప్పటినుంచీ ఒకటే దురద. ఆ పొడి అక్షరాల వెనక ఏముందో తెలుసుకోవాలి. ఆ దురదతోనే బయోకెమిస్ట్రీ చదివింది, కాకినాడలో ఒక పరిశోధనశాలలో చేరింది, నలభై దాటేసరికి చింతగింజంత యంత్రాన్ని తయారుచేసి కూర్చుంది. దానికి విడమర అని పేరు పెట్టింది.

చెవి వెనక అంటించుకుంటే చాలు. డాక్టరు నోటి మాటైనా, చీటీమీది గీతైనా విడదీసి చెవిలో చెబుతుంది. ఇదేం గొప్ప అనుకోకండి. మందుల చీటీలో ఎస్.ఓ.ఎస్. అని చూసి, ప్రాణం మీదికొచ్చిందని శోకాలు పెట్టినవాళ్ళున్నారు. 'అవసరమైతేనే వేసుకో' అని మాత్రమే దానర్థం. మంచానికి ఎన్.బీ.ఎం. అని అట్ట తగిలిస్తే అది డాక్టరుగారి పేరనుకుని, కడుపునిండా ఇడ్లీలు లాగించి ఆపరేషన్ గదికి బయల్దేరిన మహానుభావుడూ ఉన్నాడు. నోట్లోకి పచ్చి మంచినీళ్ళు కూడా వెళ్ళకూడదని ఆ అట్ట మొత్తుకుంటోందని ఆయనకేం తెలుసు? ఇక పీ.టీ. సంగతి సరేసరి. ఒకచోట రోగి అని, ఒకచోట నెత్తురు గడ్డకట్టే పరీక్ష అని, ఇంకోచోట కాళ్ళూ చేతులూ ఆడించే వ్యాయామం అని.

అసలు చిక్కు అక్కడ కాదు, ఆ తరవాత వచ్చింది. పీ.టీ.ని విడదీసి 'రక్తస్కందన కాలం' అని చెవిలో పోస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే కదా! జనానికి కావలసింది ఇంటిమాట. అది ఇంటికొకటి. ఒక ఇంట్లో ఆయాసం, పక్కింట్లో ఎగశ్వాస, ఎదురింట్లో దమ్ము. అందుకని విడమర ఆసుపత్రికి వెళ్ళేముందు కొన్నాళ్ళు ఊరికే ఆ మనిషి చెవి వెనక కూర్చుని, ఇంట్లో అనే మాటలూ వినే మాటలూ పోగేసుకుంటుంది. ఏ మాటకి ఒళ్ళు ఎంత ఉలికిపడుతుందో చెమటని బట్టి పసిగడుతుంది. భయపడితే చెమటలో కార్టిసాల్ అనే రసాయనం పెరుగుతుంది, నవ్వితే తగ్గుతుంది. నోరు అబద్ధమాడుతుంది గానీ చెమట ఆడదని వకుళ నమ్మకం. మాట నోటిదైనా అర్థం ఒంటిది అని సభల్లో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకుంది.

అలాంటి యంత్రం మొట్టమొదట పరువు తీసింది ఎవరి దగ్గరంటే, సొంత తల్లి దగ్గర.

వకుళ తల్లి మంగతాయారుకి డెబ్బై దగ్గరపడుతున్నాయి. జగన్నాథపురంలో కూతురి దగ్గరే ఉంటుంది. నోట్లో నువ్వుగింజ నానదు, చేతులు ఊరుకోవు. అలాంటి మనిషి కొన్ని నెలలుగా రెండు ముద్దలు తినేసరికి కంచం పక్కకి నెట్టేస్తోంది. జాకెట్లు వదులయ్యాయి. కూతురు పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ నడిపే అన్నయ్య గోవిందరాజులు కూడా పని మానుకుని వచ్చాడు. అప్పటికే విడమర అమ్మ చెవి వెనక చేరి, ఇంటిమాటలన్నీ నేర్చుకుని సిద్ధంగా ఉంది.

డాక్టర్ నాగరత్నం అమ్మ కడుపులోకి దింపిన గొట్టం బయటికి తీశాక, తెరమీద బొమ్మ చూసి, పక్కనున్న కుర్ర డాక్టరుతో గబగబా అంది. "ఆంట్రంలో గ్రోత్ ఉంది. క్వెరీ సీ.ఏ. ముక్క హెచ్.పీ.ఈ.కి పంపించు. సీ.ఈ.సీ.టీ. రాయి."

 ఇవన్నీ వకుళకి కొట్టినపిండి. పొట్ట చివర గడ్డ ఉంది, క్యాన్సర్ అని అనుమానం, ముక్క తీసి పరీక్షకి పంపుతున్నారు, స్కానింగు కూడా రాస్తున్నారు. ఆమె ముఖం చూడగానే గోవిందరాజులుకీ విషయం తెలిసిపోయింది. ఇద్దరూ అమ్మవైపు తిరిగారు.

మంగతాయారు చెవి వెనక ఒకసారి తడుముకుని, చక్కగా నవ్వింది. "సీ.ఏ.నా డాక్టరమ్మా! మా మనవడు చదువుతున్నాడండి. రెండుసార్లు తప్పాడు. ఈసారైనా గట్టెక్కుతాడో లేదో!"

కుర్ర డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. గోవిందరాజులు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నాగరత్నం ఆవిడ చెయ్యి నిమిరి, పక్క గదిలో కూర్చోమంది.

వరండాలోకి రాగానే వకుళ అడిగింది. "చెవిలో ఏం చెప్పిందమ్మా?"

"గ్యాసంట."

"అంతేనా?"

"ఇంకేం చెబుద్దే? దీనికోసమా ఇన్నేళ్ళు తిండీ నిద్రా మానేశావు? గ్యాసని చెప్పడానికి మిషనెందుకు, మన వీధి చివర కిళ్ళీకొట్టు వీరాసామి చెబుతాడు!"

వకుళ మొహం మాడిపోయింది. అమ్మకి క్యాన్సరేమోనన్న దిగులు ఒకపక్క, తన యంత్రం ఇంత ఘోరంగా తప్పు చెప్పిందన్న ఉక్రోషం ఒకపక్క. అందులో ఉక్రోషమే ముందొచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

గోవిందరాజులు మాత్రం చెల్లెల్ని మెట్లకిందికి లాక్కెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. "దేవుడే పలికించాడే నీ మిషను చేత! అలాగే ఉండనీ, దాన్ని ముట్టుకోకు. అమ్మకి అసలు సంగతి తెలిసిందంటే ఆ భయంతోనే పోతుంది."

"అబద్ధం చెప్పడానికా అన్నయ్యా నేను దాన్ని చేసింది?"

"ఏ జబ్బో అడగొద్దు, తెలుసుకోవద్దు. నయం చేయించుకుని ఇంటికెళ్ళిపోవాలి. అంతేనే!" అన్నాడతను. జీవితంలో ఏ కాగితమ్మీది ఏ పొడి అక్షరానికీ అర్థం అడిగిన మనిషి కాదు గోవిందరాజులు. కరెంటు బిల్లు కూడా వెనక్కి తిప్పి చూడడు.

పరీక్ష ఫలితం వచ్చింది. అనుమానం నిజమైంది. అయితే ముదరలేదని, త్వరగా కోసి తీసేస్తే బతుకుతుందని, నాన్చితే మాత్రం చేతుల్లో ఉండదని నాగరత్నం తేల్చి చెప్పింది. గోవిందరాజులు అమ్మ దగ్గర కూర్చుని, గ్యాసు పేరుకుని గడ్డకట్టిందని, చిన్న ఆపరేషన్ చేస్తే పోతుందని కథ అల్లాడు.

"గ్యాసుకి కడుపు కోయించుకుంటారంట్రా ఎవరైనా? నలుగురూ వింటే నవ్విపోతారు. సోంపు నమిలితే అదే పోద్ది." మంగతాయారు సోంపు డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. ఎన్ని విధాల చెప్పినా ససేమిరా అంది.

ఇదీ చిక్కు. నిజం చెబితే అమ్మ తట్టుకోలేదని కొడుకు. చెప్పకపోతే అమ్మ ఆపరేషన్‌కి ఒప్పుకోదు. లోపల గడ్డేమో వీళ్ళ మంతనాలు తెమిలేదాకా ఆగేది కాదు.  వకుళకి మాత్రం అమ్మతో మాట్లాడేముందు తన యంత్రం ఎందుకు తప్పు చెప్పిందో తేల్చుకోవాలనిపించింది. శాస్త్రవేత్త బుద్ధి అలాంటిది, ఇల్లు కాలుతున్నా నిప్పు ఎక్కడ అంటుకుందో చూడందే బిందె ఎత్తదు.

ల్యాబులో విడమర మెదడు భాగమంతా చూసేది ఇస్రాయేలు. అమలాపురం కుర్రాడు, పని రాక్షసుడు, మాట మెత్తన. అమ్మ యంత్రాన్ని తీగకి తగిలించి చాలాసేపు చూశాడు.

"ఆయ్, తప్పేం కనపడట్లేదండి మేడంగారూ."

"సీ.ఏ.కి గ్యాసని చెప్పడం తప్పు కాదా?"

"అదే చిత్రవండి. మీ ఇంట్లో గ్యాసులు మూడున్నాయి."

వకుళ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇస్రాయేలు వేళ్ళు మడిచి చెప్పాడు. "ఒకటి వంటింట్లో సిలిండరండి. ఆ మాటొస్తే అమ్మగారి ఒంట్లో ఉలుకూ పలుకూ లేదు. రెండోది శనగపిండి తింటే వచ్చేదండి. దానికీ ఏమీ లేదు, కాస్త చిరాకంతే. మూడోది మాత్రం..." అతను తెరమీద గీత చూపించాడు. అది నిట్టనిలువుగా లేచింది. "అమ్మగారి మాటలన్నిట్లోకీ ఇంత ఎత్తు లేచింది ఇంకోటి లేదండి. చావన్న మాటక్కూడా ఇందులో సగం లేదు."

"ఏ సందర్భంలో అంది?"

"వాక్యాలు దాచొద్దని మీరే కదండీ నియమం పెట్టారు, ఇళ్ళ గుట్టు బయటపడకూడదని! మాటా, ఉలుకూ, ఇంత మటుకే ఉంటాయి. డాక్టరుగారు సీ.ఏ. అనగానే మన విడమర అమ్మగారి ఇంటిమాటల్లో వెదికిందండి. కడుపులోది, జబ్బు, అన్నిటికంటే భయమైనది. క్యాన్సరన్న మాట ఆ ఇంట్లో ఒక్కసారీ వినపడలేదు. ఈ మూడో గ్యాసొక్కటే సరిపోయింది. అదే చెప్పింది."

  యంత్రం కూతురికంటే లోతుగా అమ్మని విన్నదన్న సంగతి వకుళకి సంతోషంగానూ ఉంది, గుచ్చుకున్నట్టుగానూ ఉంది. ఏమిటా మూడో గ్యాసు? ఇంటికెళ్ళేదాకా బస్సులో అదే ఆలోచన.

మర్నాడు ఆదివారం. వంటింట్లో మంగతాయారు ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. విడమర యథాస్థానంలో ఉంది. వకుళ పొయ్యి దగ్గర నిలబడి, ఫోన్లో గీత కనబడేలా గట్టుమీద పెట్టుకుంది. చేస్తున్న పని మంచిది కాదని తెలుసు. అయినా చేసింది.

"అమ్మా, గ్యాసు అయిపోవచ్చినట్టుందే."

"నిన్నేగా మార్చింది! మంట తగ్గించు."

గీత కదల్లేదు.

"ఇవాళ శనగపప్పు వెయ్యనా కూరలో?"

"వద్దులే, గ్యాసు."

గీత కాస్త ఒళ్ళు విరుచుకుని పడుకుంది. వకుళ గరిటె పక్కన పెట్టింది. అంతవరకూ అనాలనుకోని మాట, అదెలా వచ్చిందో గానీ నోట్లోంచి వచ్చేసింది.

"నాన్న పోయిందీ గ్యాసుతోనే కదమ్మా?"

ఫోన్లో గీత నిలువునా లేచింది. మంగతాయారు చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆవిడ కూతురి ముఖం చూసింది, గట్టుమీద ఫోను చూసింది, తన చెవి వెనక తడుముకుంది.

"నన్నేంటే, ల్యాబులో ఎలకననుకున్నావా?"

వకుళకి తల కొట్టేసినంత పనైంది. పరుగున వచ్చి అమ్మ ముందు కింద కూర్చుంది. "తప్పయిపోయిందమ్మా. ఇంకెప్పుడూ చెయ్యను."

మంగతాయారు ఆ చింతగింజని ఊడదీసి చిక్కుడుతొక్కల్లో పడేసింది. చాలాసేపు తిడుతుందనుకుంది వకుళ. ఆవిడ తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరితోనో కొట్లాడుతున్నట్టు అంది.

"గ్యాసుకి కరెంటెవరు పెడతారే పిచ్చిదానా?"

"కరెంటా?"

"మీ నాన్నకి విశాఖపట్నంలో కరెంటు పెట్టించాం. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు, పరీక్షలని నీకు చెప్పలేదు. మీ అన్నయ్య రేవులో పనికి కుదిరాడు, వాడికీ చెప్పలేదు. అసలు ఆయనకే చెప్పలేదు."

కరెంటు పెట్టడమంటే రేడియేషనని వకుళకి వేరే విడమరచి చెప్పక్కర్లేదు. నాన్న వీరభద్రం లాంచీ నడిపే సరంగు. గ్యాసు పైకెక్కి గుండె ఆగిపోయిందని ఇన్నేళ్ళూ ఇంట్లో అందరూ చెప్పుకున్నారు. బయోకెమిస్ట్రీలో పట్టా పుచ్చుకున్న కూతురు కూడా, గ్యాసు గుండెకెలా ఎక్కుతుందని ఒక్కనాడూ అడగలేదు. ఊళ్ళోవాళ్ళ అక్షరాలన్నిటి వెనకా తొంగిచూసిన మనిషికి సొంత ఇంటిమాట వెనక చూడాలని తోచలేదు.

"డాక్టరు నాకొక్కదానికే చెప్పాడు," అంది మంగతాయారు. "మగాడు బెంగెట్టుకుంటాడు, చెప్పొద్దన్నారు మీ మావయ్యలు. సరేనని గ్యాసన్నాను. ఆయన నమ్మాడు. నమ్మి ఏం చేశాడనుకున్నావు? వామునీళ్ళు తాగి లాంచీ ఎక్కేవాడు. ఆసుపత్రికి పద అంటే, గ్యాసుకి విశాఖపట్నమెందుకే అని నవ్వేవాడు. రేపు, ఎల్లుండి, పండగెళ్ళాక అన్నాడు. చివరికి కరెంటు పెట్టించేసరికి ముదిరిపోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది నేనే. ఆయనకి నిజం తెలిస్తే ముందే వచ్చేవాడేమో!"

"తెలిస్తే బతికేవాడంటావా?"

"తెలీదే. అదే నా ఏడుపు. ఏం చేద్దామని అడగడానికైనా ఆయనకి అవకాశమివ్వలేదు."

వకుళకి అప్పుడు వెలిగింది. "అయితే మొన్న డాక్టరు దగ్గర, చెవిలో గ్యాసని వినపడగానే నీకు తెలిసిపోయింది."

"ఎందుకు తెలీదూ? వాళ్ళ మొహాలు చూస్తే తెలీదా? అప్పుడా డాక్టరూ అలాగే చూశాడు. నీ మిషను భలే పట్టింది, నా మాట నాకే అప్పజెప్పింది."

"మరి మనవడి సీ.ఏ. గొడవేంటి?"

"మీ అన్నయ్య అక్కడే భోరుమనేలా ఉన్నాడు. ఏదోటి అనొద్దూ!"

వకుళకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మ తట్టుకోలేదని కొడుకు దాస్తున్నాడు. కొడుకు తట్టుకోలేడని అమ్మ దాస్తోంది. మధ్యలో తన యంత్రం ఇద్దరికీ గ్యాసు పేరుతో వంత పాడింది.

"ఆపరేషన్ ఎందుకు వద్దన్నావమ్మా మరి?"

మంగతాయారు చిక్కుడుతొక్కలు ఒకపక్కకి తోసి, మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "ఆయన్ని తెలీకుండా పంపించేశాను. నేను మాత్రం అన్నీ తెలుసుకుని, కోయించుకుని, బతికి బట్టకట్టాలా? నాకు సిగ్గేస్తోందే వకుళా."

 వకుళ తల్లి మోకాలిమీద తల ఆనించింది. నాన్న గురించి ఏమన్నా అబద్ధమే అవుతుంది. పొయ్యిమీద కూర మాడుతున్న వాసన వస్తే మంగతాయారే లేచి కట్టేసి వచ్చింది. వచ్చి కూర్చుంటూ అడిగింది.

"అసలు సీ.ఏ. అంటే ఏంటే? అంత పెద్ద జబ్బు రెండక్షరాల్లో ఎలా పట్టిందే?"

ఆ గొంతులో వకుళ తన గొంతునే విన్నది. ఈ దురద నాన్నదనుకుంది ఇన్నాళ్ళూ, అమ్మదన్నమాట! "కార్సినోమా అని దానికి పూర్తి పేరమ్మా. అది పాత గ్రీకు మాటలోంచి వచ్చింది. పీత అని అర్థం."

"పీతా?"

"ఆ. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు పీతకాళ్ళలా కనపడ్డాయట వాళ్ళకి. క్యాన్సరన్నా అదే పీత, ఇంకో భాషలో."

మంగతాయారు తల అడ్డంగా ఊపింది. ముఖంలో ఆశ్చర్యం, దాని వెనకే కాస్త కోపం. "ఓసి దీని దుంప తెగ! పీతనా నేను ఇన్నేళ్ళు నోటితో అనడానికి భయపడింది! రేవులో పుట్టి, పుట్టింటా అత్తింటా జన్మంతా పీతల కాళ్ళు విరిచి పులుసెట్టినదాన్ని కదే నేను!"

వకుళ ఫక్కున నవ్వింది. మంగతాయారు కూడా నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా పిల్లలముందు ఏడవని మనిషి ఆ వేళ వంటింట్లో కాళ్ళు చాపుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఆ తరవాత ప్రశ్నలమీద ప్రశ్నలు అడిగింది. పొట్ట ఎంత తీసేస్తారు? మిగిలిన పొట్టతో అన్నం తినగలదా? చేపలు తినొచ్చా? మళ్ళీ వస్తుందా? వకుళ తెలిసినవి చెప్పింది, తెలియనివాటికి తెలియదని చెప్పింది.

"సరే, కోయించండి," అంది చివరికి మంగతాయారు. "కానీ ఒక షరతు. కోసాక ఏం తేలిందో నాకు ఆ చింతగింజ చెప్పక్కర్లేదు. నువ్వు చెప్పు, నీ నోటితో. మంచైనా చెడైనా నా మొహం చూసి చెప్పాలి. పెద్దోడికి మాత్రం నాకు తెలుసని చెప్పకు, వాడు బెంబేలెత్తిపోతాడు."

అలా గోవిందరాజులు అమ్మని గ్యాసు గడ్డ ఆపరేషనని బుజ్జగిస్తూ, అమ్మ అలాగేరా అని బుద్ధిగా తలూపుతూ, ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఆపరేషన్ గది తలుపుదాకా వెళ్ళారు.

ఆపరేషన్ బాగా జరిగింది. తీసిన భాగాన్ని పరీక్షకి పంపారు. వార్డులో అమ్మ నెమ్మదిగా కోలుకుంటుంటే, వకుళ ల్యాబుకి వెళ్ళి విడమరలో ఒక మార్పు చేయించింది. ఏదైనా మాటకి ఒళ్ళు అంతలా ఉలికిపడితే, దానర్థం చెప్పేముందు "ఇది మీకు మీవాళ్ళ నోట వినాలనుందా?" అని అడగాలి. ఇస్రాయేలు తల గోక్కున్నాడు. "అందరూ మావాళ్ళ నోటే అంటే మన మిషనెందుకండి మేడంగారూ?" అన్నాడు. అయినా పెట్టమంది వకుళ.

ఫలితం వచ్చిన పొద్దున వార్డులో గోవిందరాజులు అమ్మకి స్పూనుతో జావ పడుతున్నాడు. వకుళ నాగరత్నం గదిలోంచి వచ్చి మంచం పక్కన నిలబడింది. వచ్చేదారిలో మాటలన్నీ పేర్చుకుంది. తీరా అమ్మ ముఖం చూసేసరికి ఒక్కటీ నోట్లో లేదు. అన్నయ్య కళ్ళతోనే చెప్పొద్దని సైగచేస్తున్నాడు. ఎన్ని వేల పదాలని ఆ చింతగింజకి నేర్పింది తను! వాటిలో ఏ ఒక్కటి చెప్పడానికీ దానికి గుటక మింగాల్సిన అవసరం రాలేదు.

"చెప్పవే," అంది మంగతాయారు.

"మూడక్షరాలున్నాయమ్మా. మొదటిది టీ. గడ్డ ఎంత లోతుకెళ్ళిందో చెబుతుంది. నీది రెండు. పొట్ట కండలోకి వెళ్ళింది గానీ దాటి బయటికి రాలేదు. ఆఖరిది ఎం. దూరంగా ఇంకెక్కడికైనా వెళ్ళిందా అని. అది సున్నా. ఎక్కడికీ వెళ్ళలేదు."

"మధ్యది మింగేశావు."

వకుళ మంచం అంచుమీద కూర్చుంది. "మధ్యది ఎన్. పక్కనున్న గ్రంథుల సంగతి. అది ఒకటి. అంటే పాకిందమ్మా. కొంచెమే పాకింది, వాటినీ తీసేశారు. కానీ క్యాన్సర్ అక్కడిదాకా వచ్చింది కాబట్టి మందులు ఎక్కించాలి. కష్టంగానే ఉంటుంది. ఆ మందులు పనిచేస్తాయని డాక్టరమ్మకి గట్టి నమ్మకం. నాకూ ఉంది. ఒట్టు మాత్రం వెయ్యలేను."

జావ గిన్నె ఠపీమని బల్లమీద పడింది. "బుద్ధుందా నీకు? చదువుకున్నావు గానీ సంస్కారం లేదు! కన్నతల్లితో అనాల్సిన మాటేనా అది?" గోవిందరాజులు అరుపుకి పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పారు.

"గోవిందూ, కూర్చో," అంది మంగతాయారు.

"అది కాదమ్మా..."

"కూర్చోరా. నాకు మొదటిరోజునుంచీ తెలుసు. దానిమీద అరవకు, నేనే చెప్పమన్నాను." కొడుకు నోరు వెళ్ళబెట్టి స్టూలుమీద కూలబడ్డాడు. ఆవిడ అతని చెయ్యి అందుకుంది. "ఇంకోటి కూడా విను. మీ నాన్న పోయింది గ్యాసుతో కాదు. ఇదే జబ్బు, ఇదే చోట. క్యాన్సర్. ఆయనకి చెప్పలేదు, మీకూ చెప్పలేదు. నేను చేసింది తప్పు."

 గోవిందరాజులుకి కోపం వస్తుందని వకుళ అనుకుంది, ఏడుస్తాడని మంగతాయారు అనుకుంది. రెండూ జరగలేదు. అతను అమ్మ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుని పొట్టమీద పెట్టుకున్నాడు. అంత మనిషి గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది.

"అమ్మా, నాక్కూడా పొద్దున్నే ఇక్కడ మంటగా ఉంటోందే. ఉగాదినుంచీ. అన్నం సయించట్లేదు. వామునీళ్ళు తాగుతున్నాను. మనింట్లో అందరికీ ఉండేదే కదా, గ్యాసనుకున్నాను."

 అన్నయ్య చొక్కా భుజాలమీంచి జారుతున్నట్టుండటం ఇన్నాళ్ళూ ఎదురుగానే ఉంది. అమ్మ జబ్బు బెంగతో చిక్కాడనుకుంది వకుళ. మంగతాయారు అయితే కుట్లున్న సంగతి మరిచిపోయి లేవబోయి, అబ్బా అని మళ్ళీ పడుకుంది.

"వకుళా, డాక్టరమ్మని పిలు. ఇప్పుడే, ఇక్కడికే పిలు."

నాగరత్నం వచ్చింది. గోవిందరాజుల్ని పక్క మంచమ్మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది, నాలుగు ప్రశ్నలడిగింది, తండ్రి సంగతి వింది. అవన్నీ అల్సరే కావచ్చు, వేరే ఏదైనా కావచ్చు, చూడందే చెప్పలేనంది. కుర్ర డాక్టరువైపు తిరిగి అలవాటుకొద్దీ అంది. "యూ.జీ.ఐ.ఈ. పెట్టు, ఇవాళే. పరగడుపునే ఉన్నారు కదా?"

"ఉన్నానండి," అన్నాడు గోవిందరాజులు. లేచి కూర్చుని చెల్లెలివైపు చూశాడు. పెదవులు తడుపుకున్నాడు. "అంటే ఏంటే అది?"

వకుళ చెప్పబోయేలోపే పక్క మంచమ్మీంచి మంగతాయారు అందుకుంది.

"నోట్లోంచి సన్నటి గొట్టం దింపి కడుపులోకి చూస్తార్రా. కాసేపు వికారంగా ఉంటది, ఓర్చుకో. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుని వెళ్ళు. ఏం కనపడినా ముందు నీకే చెప్పమంటాను."